ఎనభై మూడో నిమిషం

బతూమిలో నవంబరంతా వానే.
పండగ సినిమాలదే గానీ
హాలు వసారాలో నీళ్ళోడుతూ
జనం కన్నా గొడుగులే ఎక్కువ.

నా పని చిన్నది.
వెనక వరసలో, చీకట్లో,
ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని
తెర మీద ఎవరైనా నోరు తెరిస్తే
మీట నొక్కి కింద ఇంగ్లీషు అక్షరాలు వదలడం.
ఉషాంగి సినిమా నూట పదమూడు నిమిషాలు.
మాటలు ముప్పై ఒకటి.
అందులో ఏడు "ఊఁ".

ఏడేళ్ళు ఎదురుచూశాం దీనికోసం.
తాత నాటిన హేజెల్ తోట అమ్మేశాడని,
కెమెరా అద్దె కట్టలేక ఒక చలికాలమంతా
రేవులో ఇనప గొలుసులకి రంగులేశాడని
ఊళ్ళో అందరికీ తెలుసు.
టికెట్లు చింపే లమారా అయితే
పెట్టె అడుగున దాచిన శాలువా తీసి కప్పుకొచ్చింది.
"మనవాడి సినిమా" అని మూడుసార్లు అంది
నాతో ఒకసారి, గోడతో రెండుసార్లు.

దీపాలు ఆరాయి.
ఒక కెటిల్.
ఇంకా అదే కెటిల్.
ఆవిరి పాకిన కిటికీ అద్దం మీద
ఒకాయన వేలితో గీత గీసి
ఆ గీతనే చూస్తూ కూచున్నాడు.
మేమూ చూశాం.
మొదట భక్తిగా,
తరవాత మర్యాదగా,
ఆ తరవాత చేతిగడియారాల వైపు.

కుర్చీ మడత లేచిన చప్పుడు తెలుసుగా,
ఎవరినో చెంప మీద కొట్టినట్టుంటుంది.
ఇరవయ్యో నిమిషంలో ఒకటి.
నలభై దాటాక వరసగా ఐదు.
వానకి తలదాచుకోవడానికొచ్చిన
టర్కీ ఓడ వంటవాడు మాత్రం కదల్లేదు.
అతని గురకే ఆ సినిమాకి దొరికిన సంగీతం.
నా వేలు మీట మీదే ఉంది.
ఎవరూ మాట్లాడరు.
నిప్పు రాజుకోని పొయ్యి ముందు
గరిటె పట్టుకు నిలబడ్డట్టుంది నాకు.

కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
చెత్త సినిమా అయితే నవ్వుకుని పోదును.
ఇది చెత్త కాదు.
ప్రతి దృశ్యం కడిగి, తుడిచి, ఆరబెట్టినట్టుంది.
అంత శుభ్రమైన ఇంట్లో
మనిషి కూచోడానికే చోటు లేదు.

ఎనభై మూడో నిమిషం.
ఖాళీ రోడ్డు. పొగమంచు. దూరాన ఆగిపోయిన బస్సు.
ఎడమ పక్క నించి ఒకావిడ వచ్చింది,
భుజాన కమలాపళ్ళ బస్తా.
రోడ్డు మధ్యలో ఆగి
మా వైపు, తిన్నగా మా వైపే చూసి
"ఏం నాయనా, మీకు వేరే పనేం లేదా?" అంది.
నవ్వింది. పై పన్ను ఒకటి లేదు.
బస్తా ఎగదోసుకుని కుడి పక్కకి వెళ్ళిపోయింది.
అంతా కలిపి పదకొండు సెకన్లు.

ఆ మాట నా జాబితాలో లేదు.
మీట నొక్కితే తెల్ల చుక్క కూడా రాలేదు.
మిగిలిన పద్నాలుగు మందిమీ ఒక్కసారే నవ్వాం
వంటవాడు ఉలిక్కిపడి లేచేంత గట్టిగా.
ముందు వరసలో ఇద్దరు జర్మన్ న్యాయనిర్ణేతలు
వెనక్కి తిరిగి నా చీకట్లోకి చూశారు:
ఏమంది? ఏమంది?

తరవాత మళ్ళీ కెటిల్.

వసారాలో ఉషాంగి ఎదురయ్యాడు,
తడిసిన కోటు, గడ్డంలో రెండు తెల్ల వెంట్రుకలు.
"ఎలా ఉంది?"
గొంతులో వెలక్కాయ పడింది.
"శబ్దం బాగా వచ్చింది" అన్నాను,
శబ్దమే లేని సినిమాకి.
తల ఊపాడు. నమ్మలేదు.
ఉండబట్టక అన్నాను:
"ఆ బస్తా ఆవిడ..."
పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టాడు.
"తెలీక అడ్డొచ్చింది.
కోసేద్దామంటే అలాంటి మంచు మళ్ళీ దొరకలేదు."

లమారా శాలువా కొంగులోంచి కమలాపండు తీసి
వలిచి, సగం అతనికి, సగం నాకు పెట్టింది.
"ఈ ఏడు పులుపెక్కువ" అంది.
సినిమా సంగతి ఎత్తలేదు.

రేపు పొద్దున పదింటికి మళ్ళీ ఆట ఉంది.
అతన్ని అడక్కుండానే
జాబితాలో ముప్పై రెండో వాక్యం చేర్చాను.
రాత్రి రెండయినా తెమల్లేదు.
వేరే పనేం లేదా అన్నది సులువుగానే దిగింది.
నాయనా అన్నచోట
ఏ మాట పెట్టాలో తోచడం లేదు.